డీజిలు చిన్నకార్లు: సత్తువ, చోటు, సౌఖ్యము

మోటారుకారు ఒకప్పుడు మన ప్రాంతమున విజయనగరము, బొబ్బిలి మొదలైన సంస్థానముల కోటలలోను, దొరల బంగళాలలోను మాత్రమే కానవచ్చెడి వస్తువు. నేడు రైతును, ఉపాధ్యాయుడును, పలాస జీడిపప్పు వర్తకుడును, చిన్న ఉద్యోగియు కారు కొనుచున్నారు. కొనుట సులభమైనది గాని, ఎన్నుకొనుట కష్టమైనది. ఒక కుటుంబము పది సంవత్సరములు కూడబెట్టిన ధనమో, బ్యాంకులో తెచ్చిన ఋణమో ఒక్క దినమున బండిగా మారిపోవును. ఆ యెంపిక తప్పినచో నెలనెల వాయిదా రూపమున దాని భారము ఇంటిల్లిపాదిపై పడును. తుదకది పిల్లల చదువు ఖర్చును గూడ తాకును. కావున ఈ విషయమును తలిదండ్రులును, పై తరగతుల విద్యార్థులును శాస్త్రరీతిని తెలిసికొనుట మంచిది.

ఈ వ్యాసమున డీజిలుతో నడచు చిన్నకార్లను మాత్రమే విచారింతము. చిన్నకారనగా నాలుగు మీటర్లకు మించని పొడవు గలది. వెనుక సామాను పెట్టె విడిగా పొడుచుకొని రాక, అద్దముతో సహా వెనుక తలుపు పైకి లేచునట్టి కారును హ్యాచ్‌బ్యాక్ అందురు. మన రోడ్లపై కనబడు ఇండికా, స్విఫ్ట్, ఫిగో, పోలో, పుంటో, ఐ20, లివా, బీట్, ఆల్ట్రోజ్ అనునవి యన్నియు ఈ జాతిలోనివే.

ఇట్టి డీజిలు కార్లలో క్రొత్తవి దుకాణములలో దాదాపు కరవైనవి. 2020 సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ నుండి భారత్ స్టేజి ఆరు అను కఠినమైన పొగ నియమములు అమలునకు వచ్చెను. వాని ననుసరించి చిన్న డీజిలు యంత్రమును మార్చుటకు ఖర్చు మిక్కుటమగుటచే మారుతి సంస్థ ఆ యేడే డీజిలు కార్లను మానుకొనెను. హ్యుందాయ్ ఐ20లో డీజిలు 2023తో ముగిసెను. టాటా ఆల్ట్రోజ్ మాత్రము 2025లో క్రొత్త రూపమున వచ్చినప్పుడు గూడ డీజిలు యంత్రమును విడువలేదు. అయినను పాతవి చేతులు మారుచు మన యూళ్లకు వచ్చుచునే యున్నవి. క్రొత్త కారు కొనలేని గృహస్థు పాతదానికై చూచుట సహజము. పాతదానికి దుకాణపు పత్రము లేదు, సలహా చెప్పు సంస్థ లేదు. కనుక ఎరుక గల వానికే మేలు జరుగును.

ఈ కార్ల పుట్టుక

మన దేశమున చిన్న డీజిలు కార్ల కథ 1998తో ఆరంభమగుచున్నది. ఆ యేట మారుతి సంస్థ జెన్ కారులో ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థవారి 1,527 సి.సి. డీజిలు యంత్రమును అమర్చెను. అదే సంవత్సరము డిసెంబరులో టాటావారి ఇండికా వెలువడెను. రతన్ టాటాగారు కోరిన గుణములు నాలుగు: జెన్ కారంత పొడవు, అంబాసిడరు కారంత లోపలి చోటు, మారుతి 800కు దగ్గరగా ధర, డీజిలు బండి ఖర్చు. ఈ నాలుగును ఒక్కచోట చేర్చుట యెంత కష్టమో, ఆ కోరిక ప్రజల మనసునకు అంత దగ్గరది. ఆరంభములోనే లక్షకు పైగా బండ్లకు జనులు సొమ్ము కట్టిరి. తరువాతి కాలమున ఇండికా టాక్సీగా పల్లెపల్లెకు చేరినది.

2006 కేంద్ర బడ్జెటులో పొడవు నాలుగు మీటర్లకును, డీజిలు యంత్రము 1,500 సి.సి.కిని మించని కార్లపై ఎక్సైజు సుంకము 24 శాతము నుండి 16 శాతమునకు తగ్గింపబడెను. అంతట సంస్థలన్నియు తమ కార్లను ఆ కొలతలలో నిముడ్చుటకు పూనుకొనెను. 2007లో స్విఫ్ట్ డీజిలు వచ్చెను. 2010 జూనులో పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణము తొలగి, డీజిలుపై నిలిచియుండుటచే రెంటి ధరలకును నడుమ అంతరము పెరిగెను. ఆ నాలుగేండ్లును డీజిలు చిన్నకార్లకు మంచికాలము. 2014 అక్టోబరులో డీజిలుపై నియంత్రణము గూడ తొలగినది. అంతటితో ఆ లాభము క్రమముగా తగ్గుచు వచ్చినది.

డీజిలు యంత్రము పనిచేయు విధము

సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగు భాగము వేడెక్కుట విద్యార్థులెల్లరును ఎరిగినదే. గాలిని నొక్కిన కొలది దాని వేడి హెచ్చును. డీజిలు యంత్రమునకు ఇదియే మూలసూత్రము. పెట్రోలు యంత్రములో గాలియు పెట్రోలును కలిపి, దాదాపు పదింట నొకవంతునకు నొక్కి, విద్యుత్తు నిప్పురవ్వచే వెలిగింతురు. డీజిలు యంత్రములో ఒట్టి గాలినే పదునారు మొదలు ఇరువదింట నొకవంతు వరకు నొక్కుదురు. అప్పుడా గాలి అయిదు వందల డిగ్రీలకు మించి కాగును. దానిలో డీజిలును సన్నని తుంపరగా చిమ్మినంతనే తనంత తానే అంటుకొనును. నిప్పురవ్వతో పని లేదు.

జర్మను దేశస్థుడగు రుడాల్ఫ్ డీజిల్ ఈ యంత్రమును 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున నిర్మించి పరీక్షించి చూపెను. అది ఇంధనములోని శక్తిలో నూటికి దాదాపు ఇరువదియారు వంతులు పనిగా మార్చెను. ఆనాటి ఆవిరి యంత్రములేవియు అంతటి ఫలమునీయలేదు. గాలి నెంత గట్టిగా నొక్కిన అంత ఫలము. డీజిలు బండి లీటరుకు ఎక్కువ దూరము పోవుటకు ముఖ్య కారణమిదే. కాని అంతటి ఒత్తిడికి ఓర్చుటకై యంత్రము బరువుగా నుండవలెను. మంట ఒక్కసారిగా రగులుటచే చప్పుడును, అదురును అధికము. డీజిలు కారు గుణదోషములన్నియు ఈ ఒక్క విషయము నుండియే పుట్టుచున్నవి.

తరువాతి కాలమున రెండు మార్పులు వచ్చెను. మొదటిది టర్బో. బయటికిపోవు పొగ వేగముచే చిన్న చక్రమును త్రిప్పి, ఆ బలముతో యంత్రములోనికి ఎక్కువ గాలిని దూర్చుట దాని పని. రెండవది కామన్ రైల్. ఒకే గొట్టములో డీజిలును వేయి వాతావరణముల ఒత్తిడికి మించి నిలిపి, కొలత ప్రకారము చిమ్ముట దాని పని. ఇవి రెండును లేని 1998 నాటి ఇండికా యంత్రము 1,405 సి.సి. గలదై 85 న్యూటన్ మీటర్ల బలమునిచ్చెను. ఇవి రెండును గల స్విఫ్ట్ యంత్రము 1,248 సి.సి. మాత్రమే యయ్యును 190 న్యూటన్ మీటర్లనిచ్చెను. యంత్రము చిన్నదైనది, బలము రెట్టింపునకు మించినది.

సత్తువ

కారు సత్తువను చెప్పునప్పుడు అమ్మువారు అశ్వశక్తిని ముందుంతురు. అదొక్కటియే చూచువాడు మోసపోవును. అశ్వశక్తి యనగా పని జరుగు వేగము. టార్క్ అనగా ఇరుసును త్రిప్పు బలము. దానిని న్యూటన్ మీటర్లలో కొలుతురు. రెంటికిని సంబంధము గలదు. న్యూటన్ మీటర్ల సంఖ్యను నిమిషమునకు యంత్రము తిరుగు చుట్ల సంఖ్యతో గుణించి, 7,024చే భాగించినచో మెట్రిక్ అశ్వశక్తి వచ్చును.

ఉదాహరణమునకు 2011 నాటి స్విఫ్ట్‌ను గైకొందము. పెట్రోలు బండికి 87 అశ్వశక్తి, 114 న్యూటన్ మీటర్లు. డీజిలు బండికి 75 అశ్వశక్తి, 190 న్యూటన్ మీటర్లు. కాగితముపై పెట్రోలుదే గెలుపు. కాని ఆ 87 అశ్వశక్తి నిమిషమునకు ఆరువేల చుట్ల వద్ద మాత్రమే లభించును. ఎత్తురోడ్డుపై మనము సామాన్యముగా రెండువేల చుట్లకు సమీపమున నడుపుదుము. అక్కడ లెక్క చూడుడు. డీజిలునకు 190ని 2,000తో గుణించి 7,024చే భాగింపగా 54 అశ్వశక్తి వచ్చును. పెట్రోలునకు దాని అత్యధిక బలమైన 114ను అక్కడనే ఇచ్చుచున్నదనుకొన్నను 33కు మించదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కునప్పుడును, సాలూరు నుండి కొరాపుట్ వైపు కొండ దారి పట్టినప్పుడును, అయిదుగురు మనుష్యులతోను సామానుతోను డీజిలు కారు గేరు మార్చకయే లాగుటకు కారణమిది.

ఇక కార్లను పోల్చుదము. హ్యుందాయ్ ఐ20 మొదటి తరపు డీజిలునకు 1,396 సి.సి., 90 అశ్వశక్తి, 220 న్యూటన్ మీటర్లు. తన కాలపు చిన్నకార్లలో బలిష్ఠమైన వానిలో నొకటి. ఫియట్ పుంటోలోని యంత్రము స్విఫ్ట్‌దాని వంశములోనిదే. 76 అశ్వశక్తి, 197 న్యూటన్ మీటర్లు. కాని బండి బరువగుటచే కదలుటలో మందము, హైవేపై నిలకడ. ఫోర్డ్ ఫిగోకు 1,399 సి.సి., 69 అశ్వశక్తి, 160 న్యూటన్ మీటర్లు. ఈ యంకెలు తక్కువగా కనబడినను, తక్కువ వేగములో సైతము తడబడక లాగుట దాని గుణము. టయోటా ఎటియోస్ లివాకు 68 అశ్వశక్తి, 170 న్యూటన్ మీటర్లు. ఫోక్స్‌వ్యాగన్ పోలో మొదటి డీజిలుకు మూడు సిలిండర్ల 1,199 సి.సి. యంత్రము, 75 అశ్వశక్తి, 180 న్యూటన్ మీటర్లు. షెవర్లే బీట్‌కు 936 సి.సి. మాత్రమే, శ్రీకాకుళము బజారులో తిరుగుటకు చాలును గాని, నిండు బండితో ఘాట్ ఎక్కుటకు చెమటోడ్చును. ఆల్ట్రోజ్‌కు 1,497 సి.సి., 90 అశ్వశక్తి, 200 న్యూటన్ మీటర్లు.

ఒక్క హెచ్చరిక. టర్బో చక్రము తగినంత వేగమున తిరుగు వరకు యంత్రము బద్ధకించును. స్విఫ్ట్, పుంటో వంటి వానిలో ఇది స్పష్టముగా తెలియును. స్పీడు బ్రేకరు దాటిన పిదప గేరు తగ్గింపక పోయినచో బండి మూలుగును. హైవేపై లారీని దాటునప్పుడు ఈ జాప్యమును ముందే యెరిగి గేరు తగ్గించుట నేర్వనివాడు ప్రమాదమును కొనితెచ్చుకొనును.

చోటు

నాలుగు మీటర్ల హద్దు సంస్థల చేతులు కట్టివేసినది. యంత్రమునకు, కూర్చుండువారికి, సామానునకు ఆ నాలుగు మీటర్లే పంచవలెను. ఒకరికి పెంచిన మరియొకరికి తగ్గును. ఈ పంపకము తెలియుటకు రెండు కొలతలు చూడవలెను. ముందు చక్రమునకును వెనుక చక్రమునకును గల దూరము మొదటిది. అది హెచ్చినకొలది సామాన్యముగా లోపల కాళ్లకు చోటు హెచ్చును. డిక్కీలో పట్టు సామాను లీటర్లలో రెండవది.

స్విఫ్ట్, 2011 నమూనా: చక్రముల దూరము 2,430 మిల్లీమీటర్లు, డిక్కీ 204 లీటర్లు.
ఫిగో, 2010 నమూనా: 2,489 మిల్లీమీటర్లు, 284 లీటర్లు.
పుంటో: 2,510 మిల్లీమీటర్లు, 280 లీటర్లు.
ఐ20, మొదటి తరము: 2,525 మిల్లీమీటర్లు, 295 లీటర్లు.
బీట్: 2,375 మిల్లీమీటర్లు, 170 లీటర్లు.
హోండా జాజ్, 2015 నమూనా: 2,530 మిల్లీమీటర్లు, 354 లీటర్లు.
ఆల్ట్రోజ్: 2,501 మిల్లీమీటర్లు, 345 లీటర్లు.

ఈ పట్టికను చూచినచో, మన ప్రాంతమున మిక్కిలి పేరుగన్న స్విఫ్ట్ డిక్కీ విషయమున వెనుకబడియున్నదని తెలియును. పండుగకు ఊరికి పోవు కుటుంబము బట్టల పెట్టెలు పెట్టినంతనే తలుపు పట్టదు. తిరుగు ప్రయాణమున అమ్మమ్మగారిచ్చు బియ్యపు మూటయు, పనసకాయయు పిల్లల కాళ్ల వద్దకు చేరును. ఫిగో ధర తక్కువైనను చోటున ఉదారమైనది. జాజ్‌లో వెనుక సీటు అడుగు భాగమును పైకి మడువవచ్చును. నిలువుగా నుండు వస్తువులకు అది మిక్కిలి అనుకూలము.

కొలతలన్నియు కాగితముపై దొరకవు. పుంటో పట్టికలో పెద్దదిగా కనబడినను, ముందు భాగము పొడవు గనుక వెనుక కూర్చుండువారి మోకాళ్లకు చోటు తక్కువ. పోలోయు అట్టిదే. లివా కొలతలలో నడిమిరకమైనను, వెనుక సీటు ముందు నేల చదునుగా నుండుటచే నడుమ కూర్చుండువాడు కాళ్లు చక్కగా పెట్టుకొనగలడు. అయిదుగురు గల యింటికి ఈ చదును నేల డిక్కీలోని ఏబది లీటర్ల కంటె విలువైనది. కావున కొనదలచినవాడు తాను ముందు సీటున కూర్చుండి త్రిప్పి చూచిన చాలదు. ఇంటిల్లిపాదిని వెంట గొనిపోయి, ఎవరి చోట వారిని కూర్చుండబెట్టి, గంటసేపు తిరిగి చూడవలెను.

సౌఖ్యము

సౌఖ్యము ముఖ్యముగా నాలుగింటిపై ఆధారపడును: సీటు, స్ప్రింగులు, చప్పుడు, చల్లదనము.

సీటు ఎత్తు వృద్ధులకు ముఖ్యము. మోకాళ్ల నొప్పులు గల పెద్దమ్మకు మిక్కిలి క్రిందుగా నుండు సీటులో దిగుటయు లేచుటయు యాతన. కొనక మునుపు ఆమెయే ఎక్కి దిగి చూడవలెను. ఇచ్ఛాపురము నుండి విశాఖపట్టణమునకు రెండు వందల కిలోమీటర్లకు మించిన దారి. ఉద్దానము మూత్రపిండ రోగులవంటివారు వైద్యమునకై దూరము పోవలసి వచ్చినప్పుడు వెనుక సీటు వీపును ఎంతవరకు ఆనించుచున్నదనునది చిన్న విషయము కాదు.

స్ప్రింగుల విషయమున కార్లు రెండు తెగలు. గతుకులను మెత్తగా మ్రింగునవి కొన్ని. వేగమున నిలకడగా నుండుటకై బిగువుగా నుండునవి కొన్ని. మొదటి తరపు ఐ20 మెత్తన. హైవేపై వేగము హెచ్చినప్పుడు కొంత తేలునట్లుండును. స్విఫ్ట్ బిగువు, మలుపులలో నమ్మకము, గతుకులలో కుదుపు. పుంటోయు ఫిగోయు ఈ రెంటిని చక్కగా సమన్వయించినవి. పుంటో నేలకు ఎత్తుగా నుండుట గూడ మన పల్లెబాటలకు అనుకూలము. పాలకొండ, పార్వతీపురము వైపు వానకాలపు దారులలో నడచువారికి మెత్తని స్ప్రింగులు కావలెను; పదహారవ జాతీయ రహదారిపైనే దినమంతయు తిరుగువారికి బిగువు మేలు.

చప్పుడు డీజిలునకు పుట్టుమచ్చ వంటిది. నాలుగు సిలిండర్ల యంత్రములో ఒకదాని అదురును మరియొకటి కొంత సరిచేయును. మూడు సిలిండర్లలో ఆ సరిచూపు కుదరదు. అందుచే పోలో మొదటి డీజిలు, బీట్ అనునవి నిలిచియున్నప్పుడు స్టీరింగును, గేరు కర్రను అదరించును. 2015లో మారుతివారు సెలెరియోలో రెండు సిలిండర్ల 793 సి.సి. డీజిలు యంత్రము పెట్టిరి. లీటరుకు 27 కిలోమీటర్లకు మించిన లెక్క చూపినను, ఆ అదురును చప్పుడును జనులు మెచ్చలేదు. 2017లో అది ఆగిపోయినది. మైలేజీ యొక్కటియే జనులను తృప్తి పరచదనుటకు ఇది నిదర్శనము.

చల్లదనము మన తీరమున ఆడంబరము గాదు, అవసరము. వైశాఖమున గాలి చెమ్మతో బరువెక్కియుండును. డీజిలు యంత్రమునకు తక్కువ వేగమున బలము గలదు గనుక, ఏ.సి. వేసినప్పుడు బండి అంతగా క్రుంగదు. వెనుకవారికి వేరుగా గాలి వచ్చు రంధ్రములు గలవో లేవో చూచుకొనవలెను.

క్షేమము

పై మూడు గుణములకంటె పై మాట యొకటి గలదు. సుఖముగా పోవుటకంటె క్షేమముగా ఇల్లు చేరుట ముఖ్యము. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌కాప్ అను సంస్థ మన దేశపు అయిదు చిన్నకార్లను గోడకు కొట్టించి పరీక్షించెను. గాలిసంచులు లేని ఆ అయిదింటికిని ఒక్క నక్షత్రమైనను రాలేదు. వానిలో ఫిగోయు పోలోయు గలవు. అదే పోలో రెండు గాలిసంచులతో పరీక్షింపబడినప్పుడు నాలుగు నక్షత్రములు పొందెను. ఆ యేడే స్విఫ్ట్ గూడ సంచులు లేక పరీక్షింపబడి శూన్యము పొందినది. ఆల్ట్రోజ్ 2020లో అయిదు నక్షత్రములు పొందినది.

దీనినుండి పాతకారు కొనువాడు నేర్వవలసినది స్పష్టము. ఒకే పేరు గల కారు, ఒకే రంగు గల కారు, సంచులు గలదొకటి, లేనిదొకటి. ధరలో అంతరము కొద్ది. ప్రాణములో అంతరము చెప్పరానిది. ముందరి రెండు సీట్లకును గాలిసంచులు 2021 తరువాత క్రొత్త నమూనాలకన్నిటికిని తప్పనిసరియైనవి. అంతకు ముందటి బండ్లలో తక్కువ ధర రకములకు అవి లేవు. వెనుక కూర్చుండు పిల్లలకు బెల్టు కట్టుట గూడ చట్టమే. పిల్లవానిని ముందు సీటున తల్లి యొడిలో కూర్చుండబెట్టుట ముద్దు గాని, బండి ఆకస్మికముగా ఆగినప్పుడు తల్లి చేతులు వానిని పట్టి నిలుపలేవు.

ఖర్చు లెక్క

డీజిలు కారు ఎవరికి లాభము? గణితముచే తేల్చుదము. లీటరు పెట్రోలు 110 రూపాయలనియు, డీజిలు 98 రూపాయలనియు అనుకొందము. పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిలు కారు 20 కిలోమీటర్లు పోవుననుకొందము. కిలోమీటరునకు పెట్రోలునకు 6 రూపాయల 88 పైసలు, డీజిలునకు 4 రూపాయల 90 పైసలు. మిగులు దాదాపు 2 రూపాయలు. డీజిలు కారు ధర లక్ష రూపాయలు ఎక్కువైనచో, ఆ లక్ష తిరిగివచ్చుటకు ఏబదివేల కిలోమీటర్లు నడువవలెను.

నెలకు రెండువేల కిలోమీటర్లు తిరుగు టాక్సీవానికో, వర్తకునికో రెండేండ్ల పైచిలుకులో ఆ సొమ్ము తిరిగివచ్చును. ఆ పైనదంతయు లాభమే. నెలకు అయిదు వందల కిలోమీటర్లు తిరుగు ఉపాధ్యాయునికి ఎనిమిదేండ్లు పట్టును. అంతలో బండియే ముసలిదగును. డీజిలు బండికి సర్వీసు ఖర్చు ఎక్కువ. చిమ్ము సూదులుగాని, టర్బోగాని పాడైనచో వేలతో పోదు.

2020 తరువాతి బండ్లకు మరియొక నియమము గలదు. పొగ గొట్టములో మసిని పట్టు జల్లెడ యుండును. బండి చక్కని వేగముతో ఇరువది నిమిషములో అరగంటయో ఎడతెగక నడచినప్పుడే ఆ మసి కాలి జల్లెడ శుభ్రమగును. ఇంటినుండి బడికి రెండు కిలోమీటర్లు, బడినుండి బజారునకు ఒక కిలోమీటరు నడుపువారికి ఆ జల్లెడ మూసికొనిపోవును. అట్టివారు డీజిలు బండి కొనుట మేలుజాతి ఎద్దును కొని కొట్టములో కట్టివేయుట వంటిది.

పాతబండి కొనువారికి

ఉదయమున చల్లని యంత్రమును మీ యెదుటనే మొదటిసారి ఆడింపుడనుడు. ముందే వేడి చేసి యుంచినదానిని నమ్మరాదు. నల్లని పొగ ఎడతెగక వచ్చినను, నీలిపొగ వచ్చినను వెనుదిరుగుడు. సర్వీసు పుస్తకమును అడుగుడు. తీరప్రాంతపు ఉప్పుగాలికి అడుగుభాగము త్రుప్పు పట్టినదేమో ఎత్తించి చూడుడు. రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియుననియు, తరువాత పరీక్షకు నిలిచి మరల పొందవలెననియు మరువకుడు. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ ప్రాంతమున తిరుగరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించిన పిదప, అక్కడి పాతకార్లు ఇతర రాష్ట్రములకు చవుకగా తరలినవి. చవుకయని పరుగెత్తక మునుపు కాగితములన్నియు సరిచూడుడు.

విడిభాగముల మాట గూడ తలపవలెను. షెవర్లే కార్ల అమ్మకము మన దేశమున 2017 చివరను ఆగినది. ఫోర్డ్ సంస్థ ఇచట తన అమ్మకపు కార్ల తయారీని మానుచున్నట్లు 2021లో ప్రకటించినది. పుంటోయు నేడు తయారగుట లేదు. గుణములో ఇవి మంచివైనను, మన యూరి మెకానిక్కునకు భాగము దొరకక పదిదినములు షెడ్డులో నిలిచిన బండి ఎవరికి సౌఖ్యము? ఈ విషయమున స్విఫ్ట్ లోపములన్నియు క్షమింపదగియున్నవి; దాని భాగములు చిన్న పట్టణములలో సైతము సులభముగా లభించును.

తుదిమాటగా పొగను గూర్చి యొక విషయము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2012లో డీజిలు పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి తరగతిలో చేర్చినది. బడి వాకిట పిల్లలను దింపుచు యంత్రమును ఆపక నిలుపు ప్రతి డీజిలు బండియు ఆ పొగను పిల్లల ముక్కుల యెత్తుననే వదలుచున్నది. బండి యేదైనను, వాకిట నిలిచినంతనే యంత్రమును ఆపుట తలిదండ్రులు ఈ దినము నుండియే చేయగల సహాయము.

సారాంశమిది. దినదినము దూరము తిరుగువారికి, కొండదారుల వారికి డీజిలు చిన్నకారు నేటికిని నమ్మకమైన సేవకుడు. వారిలో కుటుంబము పెద్దదైనచో లివా, ఐ20, ఆల్ట్రోజ్ వంటివి. ఒంటరిగా హైవేపై తిరుగువానికి స్విఫ్ట్. చోటును పొదుపును కోరువానికి, భాగములు దొరకు పట్టణము దగ్గరగా నుండినచో, ఫిగో. ఊరిలోనే తిరుగువారు పెట్రోలు బండితో తృప్తి పడుట మేలు. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి, దానిని ముగించుటకు తనవద్ద నున్నది చాలునో లేదో లెక్క చూచుకొనవలెనని సువార్త మనకు బోధించుచున్నది. కారు గోపురము కాదు గాని, లెక్క మాత్రము అదియే. పొరుగువాని వాకిట నున్న కారును గాక, తన యింటివారి మోకాళ్లను, తన నెల జీతమును, తాను నడచు దారిని కొలిచి కొనువాడు పశ్చాత్తాపపడడు.